80 మి.మీ. రిఫ్రాక్టర్‌తో ఆకాశ చిత్రణ: కొన్నేళ్ల వాడకం తర్వాత

ఈ సమీక్ష 80 మి.మీ. వ్యాసం, 480 మి.మీ. నాభ్యంతరం గల ఎఫ్/6 (నాభ్యంతరాన్ని వ్యాసంతో భాగిస్తే వచ్చే ఎఫ్ నిష్పత్తి 6) డబ్లెట్ రిఫ్రాక్టర్, అంటే రెండు కటకాల టెలిస్కోప్ గురించి. రెండు కటకాల్లో ఒకటి ఎఫ్‌పీఎల్-53 అనే, రంగులను తక్కువగా చెదరగొట్టే గాజుతో చేసినది. దీనికి నాభ్యంతరాన్ని తగ్గించి, బొమ్మను మూలల దాకా చదును చేసే 0.8 రెడ్యూసర్-ఫ్లాటనర్ తగిలిస్తే నాభ్యంతరం 384 మి.మీ.కు, ఎఫ్ నిష్పత్తి 4.8కి తగ్గుతాయి. వెనక 3.76 మైక్రాన్ల పిక్సెళ్లున్న ఏపీఎస్-సీ పరిమాణపు శీతలీకరణ కలర్ కెమెరా, కింద నక్షత్రాల కదలికను వెంబడించి తిరిగే మధ్యస్థాయి జర్మన్ ఈక్వటోరియల్ మౌంట్ ఉన్నాయి. హైదరాబాద్ శివార్లలోని మా డాబా మీద, వీలు చిక్కినప్పుడు వికారాబాద్ వైపు పొలాల్లో, ఈ సరంజామాను కొన్నేళ్లుగా వాడుతున్నాను. గాజు నాణ్యత మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. ఇన్నేళ్లలో బొమ్మ పాడైన ప్రతిసారీ మొదట అనుమానం కటకం మీదికే పోయింది కానీ, వెతగ్గా వెతగ్గా దోషం దాదాపు ఎప్పుడూ కటకానికీ సెన్సార్‌కూ మధ్యనున్న ఇనుప రింగుల్లోనో, స్క్రూల్లోనో, తీగల్లోనో దొరికింది. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం వాటికే కేటాయిస్తున్నాను.

ముందుగా మూలల సంగతి. ఫ్లాటనర్ చివరి మర నుంచి సెన్సార్ వరకు 55 మి.మీ. ఉండాలని పెట్టెలోని కాగితం చెబుతుంది. కెమెరా లోపలి దూరం 17.5 మి.మీ. కాబట్టి మిగిలిన 37.5 మి.మీ.ను రింగులతో నింపితే సరిపోవాలి. లెక్కప్రకారం అలాగే నింపినా, నాలుగు మూలల్లోనూ నక్షత్రాలు మధ్య నుంచి బయటికి చిమ్మినట్టు సాగి కనిపించాయి. నా ఫ్లాటనర్ విషయంలో అలా వ్యాసార్ధం వెంట సాగితే సెన్సార్ మరీ దగ్గరగా ఉన్నట్టు, మధ్యబిందువు చుట్టూ తిరుగుతున్నట్టు సాగితే మరీ దూరంగా ఉన్నట్టు లెక్క. పైగా దారిలో 2 మి.మీ. మందం ఉన్న ఫిల్టర్ ఉంటే, ఆ మందంలో సుమారు మూడో వంతు, అంటే 0.7 మి.మీ. దూరాన్ని అదనంగా కలపాలి. ఈ మాట కాగితంలో ఎక్కడా లేదు. పలచని షిమ్ రింగులను ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ పోతే నా నమూనాకు 56 మి.మీ. దాటాకే మూలలు గుండ్రపడ్డాయి. తయారీదారు చెప్పిన అంకెను తుది అంకెగా కాక మొదలుపెట్టాల్సిన చోటుగా మాత్రమే తీసుకోవాలని దీన్నిబట్టి నా అభిప్రాయం. ఒక్కో షిమ్ మార్చిన తర్వాత ఫోకస్ కొత్తగా చూసుకోకుండా పోల్చడం వల్ల ప్రయోజనం లేదు. ఫోకస్ తప్పితే అన్ని మూలలూ ఒకేలా చెడి, మనం వెతుకుతున్న తేడాను మింగేస్తాయి.

నాలుగు మూలలూ ఒకే తీరుగా చెడితే అది దూరం సమస్య. ఒక్క మూల మాత్రమే చెడితే అది వంపు, అంటే సెన్సార్ తలం కటకాక్షానికి లంబంగా లేకపోవడం. ఈ వంపు కెమెరా వైపు ఉందా, టెలిస్కోప్ వైపు ఉందా అని తేల్చడానికి నేను నమ్మే పరీక్ష ఒక్కటే. కెమెరాను దాని చోటులోనే 180 డిగ్రీలు తిప్పి అదే ఆకాశ భాగాన్ని మళ్లీ తీస్తాను. చెడ్డ మూల బొమ్మలో అదే మూలలో ఉండిపోతే లోపం కెమెరాదీ దానితో కలిసి తిరిగిన రింగులదీ. ఎదురు మూలకు మారిపోతే ఫోకసర్ (కెమెరాను ముందుకూ వెనక్కూ జరిపి ఫోకస్ కుదిర్చే భాగం) వైపుది. నా విషయంలో అది ఎదురు మూలకు మారింది. ఫోకసర్ చివర కెమెరా గొట్టాన్ని మూడు స్క్రూలతో బిగించే 2 అంగుళాల పట్టు ఉంది. వాటిలో ఒక స్క్రూను మిగిలిన రెంటికంటే పావు చుట్టు ఎక్కువ తిప్పితే గొట్టం ఒక పక్కకు ఒరిగి, వేళ్లతో తడిమితే తెలిసేంత సందు ఏర్పడుతోంది. ఎఫ్/4.8 దగ్గర ఫోకస్‌కు ఉన్న వెసులుబాటు మొత్తం కలిపి 60 మైక్రాన్ల పైచిలుకు మాత్రమే. సెన్సార్ ఒక అంచు పదో వంతు మి.మీ. అటూ ఇటూ అయినా ఆ హద్దు దాటిపోతుంది. ఆ పట్టును తీసేసి ఎం48 (48 మి.మీ. వ్యాసపు) మరతో నేరుగా బిగించాక ఆ గొడవ పోయింది. కొత్తగా కొనేవారు కటకం గాజు పేరు అడిగే ముందు ఫోకసర్ చివర మర ఉందా అని అడగడం మేలు.

ఫోకసర్ గురించి మరో మాట. పళ్ల పట్టీని పళ్ల చక్రం నడిపే ర్యాక్ అండ్ పినియన్ పద్ధతి కాబట్టి కెమెరా బరువుకు జారిపోదు, కానీ నడినెత్తి వైపు తిప్పినప్పుడు లోపలి గొట్టం సన్నగా ఊగుతుంది. పైనున్న బిగింపు స్క్రూను కాస్త బిగువుగా ఉంచితే ఆ ఊగు తగ్గుతుంది, అయితే మోటారు దాన్ని తిప్పలేక కొన్ని అడుగులు తప్పుతుంది. ఆ రెంటి మధ్య సరైన బిగువు దొరకడానికి ఓపిక కావాలి.

ఉష్ణోగ్రత ప్రభావం మన దగ్గర తక్కువని చాలామంది అనుకుంటారు. జనవరి రాత్రి ఎనిమిదింటికీ తెల్లవారుజాము నాలుగింటికీ మధ్య 8 డిగ్రీల తేడా ఇక్కడ మామూలే. అల్యూమినియం గొట్టం డిగ్రీకి మీటరుకు 23 మైక్రాన్ల చొప్పున కుదించుకుంటుంది కాబట్టి, 480 మి.మీ. పొడవు మీద 8 డిగ్రీలకు దాదాపు 90 మైక్రాన్లు అవుతుంది. కటకంలో వచ్చే మార్పు దీనికి అదనం. అంటే సాయంత్రం బహ్తినోవ్ మాస్క్ (ఫోకస్ సరిచూసే గీతల మూత) పెట్టి మూడు గీతలూ కలిసేలా చక్కగా సరిచేసిన ఫోకస్ అర్ధరాత్రికి నిలవదు. చిత్రణను నడిపే నీనా సాఫ్ట్‌వేర్‌లో ప్రతి డిగ్రీ తగ్గుదలకూ ఫోకస్ మళ్లీ చూసుకొమ్మని అమర్చాక, రాత్రి చివరి ఫ్రేములు మొదటివాటిలాగే వస్తున్నాయి. చలి ఎక్కువ ఉన్న చోట్ల కటకపు చట్రం గాజును నొక్కి నక్షత్రాలు ముక్కోణంగా వస్తాయి; మా చలికి ఆ జబ్బు ఎప్పుడూ కనబడలేదు.

మన అక్షాంశానికే ప్రత్యేకమైన ఇబ్బందులు మౌంట్ దగ్గర మొదలవుతాయి. హైదరాబాద్ 17.4 డిగ్రీల దగ్గర ఉంది. అంటే మౌంట్ అక్షాన్ని ధ్రువం వైపు సర్దడానికి ఆధారమైన ధ్రువ నక్షత్రం దిగంతానికి అంత ఎత్తులోనే, పొగమంచులోనూ వీధిదీపాల వెలుగులోనూ మునిగి ఉంటుంది. మా డాబా మీద అయితే పక్కింటి నీళ్ల ట్యాంకు దాన్ని పూర్తిగా కప్పేస్తుంది. ఇదే నగరంలో, బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీలో, ఆకాశాన్ని ఫొటో తీసే 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్‌తో అంతర్జాతీయ ఆస్ట్రోగ్రాఫిక్ క్యాటలాగ్ కోసం గాజు పలకల మీద ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మండలాన్ని చిత్రించిన కాలంలో ఉత్తరపు ఆకాశం కూడా ఎంత నల్లగా ఉండేదో ఊహించుకోవలసిందే. ఇప్పుడు నేను ధ్రువ నక్షత్రాన్ని వెతకడం మానేశాను. మూడు బిందువుల పద్ధతిలో మౌంట్‌ను తిప్పి మూడు ఫొటోలు తీస్తే, వాటిలోని నక్షత్రాలను గుర్తించి సాఫ్ట్‌వేరే ధ్రువం ఎక్కడుందో లెక్కకడుతుంది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం: ఇంత తక్కువ ఎత్తులో వాతావరణ వక్రీభవనం ధ్రువాన్ని సుమారు 3 ఆర్క్ నిమిషాలు పైకెత్తి చూపిస్తుంది కాబట్టి, సాఫ్ట్‌వేర్ ఆ సవరణ చేస్తోందో లేదో అమరికల్లో చూసుకోవాలి. యూరప్ వాడుకరుల సలహాల్లో ఈ ప్రస్తావన అరుదు. వాళ్లకు ఆ సవరణ ఒక నిమిషం చుట్టుపక్కలే ఉంటుంది.

రెండో ఇబ్బంది త్రిపాదిది. ధ్రువాక్షం ఇంత పల్లంగా వాలినప్పుడు ప్రతిభారపు కడ్డీ నేరుగా కిందికి, కొంచెం ఉత్తరానికి దిగుతుంది; ఆ వైపే త్రిపాది కాలు ఉంటే బరువు వెళ్లి దాన్ని గుద్దుకుంటుంది. పుస్తకం చెప్పినట్టు ఒక కాలు ఉత్తరానికి పెట్టకుండా, దిశ సర్దే మేకును 60 డిగ్రీలు జరిపి రెండు కాళ్లు ఉత్తరానికి, ఒకటి దక్షిణానికి ఉండేలా అమర్చాను. టెలిస్కోప్ విషయంలోనూ ఇలాంటిదే ఇంకొకటి ఉంది. కృత్తికలు ఇక్కడ నడినెత్తికి 7 డిగ్రీల లోపున దాటుతాయి. ఆ సమయంలో గొట్టం నిలువుగా నిలబడి, వెనకనున్న కెమెరా త్రిపాది కాలికి వేలెడు దూరంలోకి వస్తుంది. మౌంట్‌కూ త్రిపాదికీ మధ్య చిన్న స్తంభం చేర్చడం, మధ్యాహ్న రేఖ దాటకముందే ఆపేలా హద్దు పెట్టడం రెండూ చేయాల్సి వచ్చాయి. దీనికి ప్రతిఫలం కూడా ఉంది. ఒమెగా సెంటారీ, ఈటా కరీనా వంటి దక్షిణాది వస్తువులు ఇక్కడి నుంచి అందుతాయి.

గైడింగ్ అంటే పక్కనున్న చిన్న గైడ్ స్కోప్‌తో ఒక నక్షత్రాన్ని గమనిస్తూ మౌంట్‌ను సరిదిద్దడం. ఆ గైడింగ్ రేఖ చదునుగా ఉండీ నక్షత్రాలు కోలగా వస్తే ఏం చేయాలన్నది నన్ను ఎక్కువగా వేధించిన ప్రశ్న. గైడింగ్ చేసే సాఫ్ట్‌వేర్ పీహెచ్‌డీ2 గ్రాఫ్‌లో అంతా బాగుంది, అయిదు నిమిషాల ఫ్రేములో మాత్రం ప్రతి నక్షత్రమూ ఒకే దిక్కుకు, ఒకే పొడవున సాగింది. ధ్రువ సర్దుబాటు తప్పితే నక్షత్రాలు ఒక బిందువు చుట్టూ చాపాలుగా తిరగాలి. అన్నీ ఒకే దిక్కుకు సాగాయంటే గైడ్ స్కోప్, ప్రధాన టెలిస్కోప్ ఒకదానికొకటి సంబంధం లేకుండా వంగుతున్నాయని అర్థం. డిథరింగ్ (ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య గురిని కావాలనే కొద్దిగా జరపడం) ఆపి వరుస ఫ్రేములు తీసి పక్కపక్కన పెట్టగానే క్షేత్రం మొత్తం మెల్లగా ఒకవైపు జరగడం స్పష్టంగా కనబడింది. గైడ్ స్కోప్‌ను పట్టుకున్న రింగుల్లో నైలాన్ మొనల స్క్రూలున్నాయి. బరువు వాలినకొద్దీ అవి నొక్కుకుపోతున్నాయి. వాటి స్థానంలో గొట్టాన్ని గట్టిగా కరిచి పట్టే బిగింపు వచ్చాక ఆ జరుగుడు చాలావరకు తగ్గింది. మౌంట్‌లో ఉండే సహజ లోపాలు వేరు. 180 పళ్ల చక్రమైతే దాన్ని తిప్పే వర్మ్ గేర్ (మరలాంటి కడ్డీ) తప్పు 479 సెకన్లకోసారి తిరిగి వస్తుంది, దాన్ని గైడింగ్ సులువుగా సరిదిద్దుతుంది. డిక్లినేషన్ (ఉత్తర-దక్షిణ) వైపు పళ్ల మధ్య వదులుంటే, ధ్రువ సర్దుబాటును కావాలనే రవ్వంత తప్పించి, ఒకే దిశలో మాత్రమే గైడ్ చేయడం నా అనుభవంలో అన్నింటికన్నా శాంతియుతమైన పరిష్కారం.

కెమెరా ఉన్నట్టుండి కంప్యూటర్ నుంచి తెగిపోతుంటే అందరూ యూఎస్‌బీ తీగను తిడతారు. నా మల్టీమీటర్ బ్యాటరీ దగ్గర 12.9 వోల్టులు, టెలిస్కోప్ మీది హబ్ దగ్గర 11.5 వోల్టులు చూపించింది. సన్నని మూడు మీటర్ల తీగ మీద కెమెరా శీతలీకరణ, మౌంట్, మంచు నివారించే హీటర్ పట్టీ అన్నీ ఒకేసారి విద్యుత్తు లాగితే ఆమాత్రం పడిపోవడం సహజం. మందపాటి తీగ వేసి, పొడవు తగ్గించాక తెగిపోవడం ఆగిపోయింది.

రంగుల దగ్గర ఈ టెలిస్కోప్ డబ్లెట్ అన్న సంగతి దాగదు. అభిజిత్, మృగవ్యాధుడు వంటి ప్రకాశవంతమైన నక్షత్రాల చుట్టూ నీలి ఉబ్బు వస్తుంది. నా కెమెరా ముందు ప్రతిబింబ నిరోధక గాజు తప్ప అతినీల, పరారుణ కిరణాలను ఆపే పూత లేదు. విడిగా యూవీ-ఐఆర్ కట్ ఫిల్టర్ పెట్టాక ఉబ్బు సగానికి పైగా తగ్గింది, పూర్తిగా పోలేదు. మిగిలినది ఈ కటకపు హద్దేనని, దాన్ని దాటాలంటే మూడు కటకాల ట్రిప్లెట్‌కు డబ్బు పెట్టాలని నా నిర్ధారణ. 656.3, 500.7 నానోమీటర్ల వెలుగును మాత్రమే పోనిచ్చే ద్వంద్వ నారోబ్యాండ్ ఫిల్టర్‌తో ఈ బెడద లేదు. నగరపు వెలుగులో నేను ఎక్కువగా వాడేది అదే. అయితే దానితో గుర్రపుతల నెబ్యులా పక్కనున్న అల్నిటాక్ చుట్టూ పలచని వలయం వచ్చింది. వలయం వ్యాసాన్ని మి.మీ.లోకి మార్చి, ఎఫ్ నిష్పత్తితో గుణించి, రెండుతో భాగిస్తే ప్రతిబింబిస్తున్న రెండు ఉపరితలాల మధ్య దూరం తెలుస్తుంది. నాకు వచ్చినది 4.5 మి.మీ.; ఫిల్టర్ సొరుగు సెన్సార్‌కు అంతకంటే చాలా దూరంలో ఉంటుంది కాబట్టి, దోషం దానిది కాదని తేల్చుకుని కొత్త ఫిల్టర్ కొనే ఆలోచన అక్కడితో విరమించుకున్నాను.

ఫ్లాట్ ఫ్రేములకు (మూలల చీకటినీ దుమ్ము మచ్చలనూ తొలగించడానికి తీసే సమాన వెలుగు ఫొటోలకు) ఖరీదైన వెలుగు పలక అవసరం పడలేదు. ఉతికిన తెల్ల పంచెను రెండు మడతలు వేసి కటకం మీద ముడత లేకుండా లాగి కట్టి, తెల్లవారే ఆకాశం వైపు తిప్పితే చాలు. కెమెరాను కదపకుండా, ఫోకస్ మార్చకుండా తీయాలన్నదే షరతు.

తేమ గురించి తీరప్రాంతం వారు నాకంటే ఎక్కువ చెప్పగలరు. మంచు కవచాన్ని పూర్తిగా బయటికి లాగి, 12 వోల్టుల పట్టీని కటకం చట్రానికి చుడితే డిసెంబర్ రాత్రులు గడిచిపోతాయి. అసలు ప్రమాదం జూన్ నుంచి సెప్టెంబర్ వరకు, టెలిస్కోప్ పెట్టెలో మూలనపడి ఉన్నప్పుడు. పెట్టెలోని స్పాంజి తేమను పట్టి ఉంచి గాజుపై బూజు పెరగడానికి కారణమవుతుంది. నేను దాన్ని ఆ పెట్టెలోంచి తీసి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా సిలికా జెల్‌తో గాలి చొరబడని డబ్బాలో పెడతాను. ఇప్పటివరకు కటకం శుభ్రంగానే ఉంది.

ఈ ధరలో, ఈ పరిమాణంలో, ఒక్కరే డాబా ఎక్కించి దించగల టెలిస్కోప్ కావాలనుకునేవారికి దీన్ని సంకోచం లేకుండా చెబుతాను. మర బిగింపు ఉన్న ఫోకసర్, షిమ్ రింగుల పొట్లం, మందపాటి విద్యుత్ తీగ కోసం మొదటి రోజే కొంత డబ్బు పక్కన పెట్టుకోవాలి. గ్రహాలను పెద్దగా చూడాలనుకునేవారికి, నీలి ఉబ్బును భరించలేనివారికి మాత్రం ఇది సరిపోదు.