ఆ చివరి ఇరవై టెరాహాష్‌లు: మైనింగ్‌లో మూడేళ్ల ఆటోట్యూనింగ్ అనుభవం

నా దగ్గర బిట్‌కాయిన్ మైనింగ్ చేసే (లెక్కలు చేసి, ట్రాన్సాక్షన్ల కట్టలైన బ్లాకులను చేర్చి బిట్‌కాయిన్లు సంపాదించే) రెండు యాంట్‌మైనర్ ఎస్19జె ప్రో మెషీన్లు ఉన్నాయి. కంపెనీ సెట్టింగులో ఒక్కొక్కటి సుమారు 3,050 వాట్లు తీసుకుని 100 టెరాహాష్‌లు ఇస్తుంది. ఒక టెరాహాష్ అంటే సెకనుకు లక్ష కోట్ల లెక్కలు. మొదట్లో అలాగే నడిపాను. తర్వాత వాట్లకు పరిమితి పెట్టి, దానికి తగ్గట్టు చిప్‌ల వేగాన్ని తనే సర్దుకునే ఆటోట్యూనింగ్ ఫర్మ్‌వేర్ (మెషీన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) వేశాను. అది వేసి మూడేళ్లు దాటింది. మళ్లీ పాత సెట్టింగుకు వెళ్లే ఆలోచనే లేదు.

కారణం ఒక చిన్న లెక్క. 2,200 వాట్లకు తగ్గిస్తే నా మెషీన్ 80 టెరాహాష్‌ల దగ్గర నిలబడుతుంది. అంటే టెరాహాష్‌కు 27.5 వాట్లు. మిగతా 20 కూడా కావాలంటే ఇంకో 850 వాట్లు పెట్టాలి. అక్కడ టెరాహాష్‌కు 42.5 వాట్లు పడుతుంది. రాబడి మాత్రం అన్నిటికీ ఒకటే! మెషీన్ మొత్తం మీద లాభం చూపిస్తున్న రోజుల్లో కూడా ఆ చివరి ఇరవై నష్టానికి నడుస్తూ ఉండొచ్చు. అందుకే ఇప్పుడు వాటి కరెంటు ఖర్చు గిడుతుందా లేదా అన్నదే చూస్తాను.

2024 ఏప్రిల్ 20 హాల్వింగ్‌లో (మైనర్లకు ఒక్కో బ్లాక్‌కు వచ్చే రివార్డు సగమైనప్పుడు) ఈ లెక్క బాగా పనికొచ్చింది. 8,40,000వ బ్లాక్‌తో రివార్డు 6.25 నుంచి 3.125 బిట్‌కాయిన్‌లకు పడిపోయింది. అదే బ్లాక్ దగ్గర రూన్స్ (బిట్‌కాయిన్ నెట్‌వర్క్ మీదే కొత్త టోకెన్లు తయారుచేసే పద్ధతి) మొదలవడంతో ట్రాన్సాక్షన్ ఫీజులు అమాంతం పెరిగాయి. నా పూల్ (మైనర్లంతా కలిసి పనిచేసి రాబడి పంచుకునే గుంపు) ఫీజుల్లో కూడా వాటా ఇస్తుంది కాబట్టి రెండు మెషీన్లనూ ఫుల్ మీద ఉంచాను. ఫీజులు దిగగానే 2,200కి తగ్గించాను. ఫ్యాన్ల హోరు తగ్గి, పక్కన నిలబడి మామూలు గొంతుతో మాట్లాడుకునేంత అయింది. వాటిని పూర్తిగా ఆపాల్సిన అవసరం మాత్రం రాలేదు.

డిఫికల్టీ, అంటే ఒక బ్లాక్ దొరకడం ఎంత కష్టమో చెప్పే కొలత, ప్రతి 2,016 బ్లాకులకు, అంటే దాదాపు రెండు వారాలకోసారి మారుతుంది. బ్లాకులు సగటున పది నిమిషాల కంటే ఆలస్యంగా వస్తుంటే అది తగ్గబోతోందని అర్థం. అయితే తగ్గే దాకా ఆగి, ఆ తర్వాతే వాట్లు పెంచుతాను. ముందే పెంచితే పాత డిఫికల్టీకే ఎక్కువ కరెంటు పోస్తున్నట్టు.

నేను బాగా దెబ్బతిన్నది ఆటోమేషన్ దగ్గర. కాయిన్ ధరను బట్టి గంటగంటకూ వాట్లు మార్చే స్క్రిప్ట్ ఒకటి పెట్టాను. పరిమితి కొత్తగా మార్చిన ప్రతిసారీ ఫర్మ్‌వేర్ ఒక్కో చిప్‌కూ సరిపోయే ఫ్రీక్వెన్సీ వెతుక్కుంటుంది. అది కుదురుకోవడానికి గంటలు పడుతుంది, ఈలోపే మళ్లీ మార్పు. పైగా బోర్డు వేడెక్కడం, చల్లారడం. కొన్ని వారాలకు ఒక హాష్‌బోర్డ్ (మైనింగ్ చిప్‌లున్న బోర్డు) స్క్రీన్ మీద కనిపించడం మానేసింది. విప్పి చూసిన మెకానిక్ చిప్‌ల కింద సోల్డర్ పగిలిందన్నాడు. మూడు బోర్డుల్లో ఒకటి పోవడమంటే మూడోవంతు రాబడి పోవడమే. చాలా బాధేసింది. ఫర్మ్‌వేర్ మార్చాను కాబట్టి వారంటీ కూడా లేదు.

ఇప్పుడు రెండే ప్రొఫైల్స్ (వాట్ల సెట్టింగులు) సేవ్ చేసి పెట్టుకున్నాను, డిఫికల్టీ మారిన రోజు మాత్రమే వాటిని ముట్టుకుంటాను. రిపేరైన బోర్డున్న మెషీన్‌ను 2,200 దాటనివ్వను.