ఒకే ఊరు, ఒకే గుహ: డ్రాగన్ ఏజ్ 2 మళ్లీ ఆడాక

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఆర్కే బీచ్ గోడ మీద కూర్చుని ముగ్గురం గట్టిగా గొడవపడ్డాం. చేతుల్లో మురీ మిక్చర్ పొట్లాలు. పక్కన కూర్చున్న కుటుంబం మాది ఆస్తి తగాదా అనుకుందో ఏమో, మెల్లగా దూరం జరిగింది. తగాదా ఏమిటంటే, 2011లో వచ్చిన డ్రాగన్ ఏజ్ 2 అనే వీడియో గేమ్ గొప్పదా, దానికి ముందొచ్చిన డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ గొప్పదా అని.

ముగ్గురిలో ఒకడు మా హాస్టల్ రూమ్మేటు. శ్రీకాకుళం వాడు, ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. ఇంకొకడు మా అక్క కొడుకు, ఇంజనీరింగ్ రెండో ఏడాది. మూడోవాణ్ణి నేను. గాజువాకలో కాపురం, షిఫ్టు డ్యూటీ, మిగిలిన టైములో నిద్రా గేములూ.

"అది ముసలాళ్ల గేమ్ మామయ్యా. కత్తి ఎత్తడానికే అర నిమిషం పడతాది" అంటాడు అల్లుడు మొదటిదాని గురించి.

"రెండోదాన్ని గేమ్ అనకండ్రా. అదో గుహ. దాన్నే తిప్పి తిప్పి అమ్మారు" అంటాడు రూమ్మేటు.

ఇద్దరి మాటా నిజమే. ఆ రోజు నేను ఎటూ చెప్పలేక మిక్చర్ నముల్తూ ఉండిపోయాను. ఇంటికొచ్చాక రెండు నెలలు పట్టి రెండూ మళ్లీ మొదట్నుంచీ ఆడాను. అందుకే ఇది రాస్తున్నా. కథ బయటపెట్టకుండా రాయడం నా వల్ల కాదు. ఆడాలని ఉన్నవాళ్లు ఇక్కడ ఆగిపోండి. మా అల్లుడు చదివేస్తాడన్న భయం లేదు, వాడు వీడియోలు తప్ప ఏమీ చదవడు.

ఆరిజిన్స్ 2009 నవంబరులో వచ్చింది. కథ మొదలవడానికే ఆరు దారులున్నాయి: సామంతుడి బిడ్డ, మేజ్ అనే మంత్రగాడు, ఊళ్లో బతికే ఎల్ఫ్ (కోసు చెవుల జాతి), అడవిలో తిరిగే ఎల్ఫ్, రాజు ఇంట పుట్టిన మరుగుజ్జు, ముఖం మీద పచ్చ పొడిపించుకున్న కులం లేని మరుగుజ్జు. మా గదిలో సరిగ్గా ఆరుగురం, ఒక్కటే కంప్యూటర్. చీటీలు వేసుకుని తలా ఒక పుట్టుక పంచుకున్నాం. రూమ్మేటుకి సామంతుడి కొడుకు దక్కాడు. రాత్రికి రాత్రే కోట మీద పడి ఇంటిల్లిపాదినీ నరికేస్తే ప్రాణాలతో బయటపడేవాడు. నాకు ఊళ్లో ఎల్ఫ్ వచ్చాడు. పెళ్లి జరుగుతుండగా దొర కొడుకు వచ్చి ఆడపిల్లల్ని ఎత్తుకుపోతాడు, అక్కడ మొదలవుతుంది కథ. ఎన్నో గంటల తర్వాత డెనెరిమ్‌లోని అదే వాడకు తిరిగి వెళ్తే జనం నన్ను గుర్తుపట్టారు. "వచ్చావా" అన్నట్టు మాట్లాడారు. అదే వాడకు రూమ్మేటు వెళ్తే వాణ్ణి పరాయివాడిగా చూశారు. ఒకే గేమ్ ఒకే గదిలో ఇద్దరికి రెండు రకాలుగా కనబడటం మాకదే మొదలు.

ఆ గేమ్ మన మాట వింటుంది. రెడ్‌క్లిఫ్‌లో దయ్యం పట్టిన పిల్లాడున్నాడు. వాణ్ణి చంపొచ్చు, తల్లి ప్రాణం బలిచ్చి వాణ్ణి కాపాడొచ్చు, ఓపిక ఉంటే మేజ్‌లుండే సర్కిల్ దాకా వెళ్లి వాళ్ల సాయం తెచ్చి ఇద్దరినీ బతికించొచ్చు. రాజ్యానికి ద్రోహం చేసిన లోఘైన్‌ని నేను క్షమించి వదిలేశాను. అప్పటిదాకా అన్నదమ్ముడిలా వెంట నడిచిన అలిస్టర్ ఆ మాటకి నన్ను వదిలి వెళ్లిపోయాడు. హాస్టల్లో కూడా రెండు రోజులు నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు.

యుద్ధం సంగతికొస్తే, పీసీలో కెమెరాని పైకి లాగి మొత్తం మైదానాన్ని చదరంగం బల్లలా చూడొచ్చు. ఆట ఆపి నలుగురికీ నాలుగు పనులు చెప్పొచ్చు. "మనవాడి ప్రాణం సగానికి పడితే వెంటనే నయం చెయ్" లాంటి రూల్స్ ముందే రాసిపెట్టుకోవచ్చు. మా రూమ్మేటు నోటు పుస్తకంలో ఈ రూల్స్ రాసుకునేవాడు. సెమిస్టర్ పరీక్షకి కూడా వాడు అంత రాయలేదు.

కానీ వాడు కావాలని మర్చిపోయేవి కొన్నున్నాయి. సర్కిల్ టవర్‌లో ఫేడ్ అనే కలల లోకంలో ఇరుక్కుంటాం. ఎలకగా మారి, నిప్పు మనిషిగా మారి, గోలెమ్ అనే రాతి మనిషిగా మారి, ఈ తలుపులో దూరి ఆ తలుపులో తేలుతూ తిరగాలి. ఎంత విసుగంటే, ఆ భాగాన్ని దాటించేయడానికే జనం మోడ్ (గేమ్‌ని మార్చే చిన్న ప్రోగ్రామ్) తయారుచేసుకున్నారు. మరుగుజ్జుల పాత సొరంగాలు, డీప్ రోడ్స్, కూడా అంతే, ఎంత నడిచినా తరగవు. ఈసారి ఆడేటప్పుడు నైట్ షిఫ్ట్ చేసొచ్చి కూర్చుని అక్కడే రెండుసార్లు నిద్రపోయాను. లేచి చూస్తే నా పార్టీ చచ్చి పడి ఉంది.

ఇక రెండోది. 2011 మార్చిలో వచ్చింది. అంటే మధ్యలో పదహారు నెలలే. రెండింటికీ ప్రధాన రచయిత డేవిడ్ గైడరే, సంగీతం ఇనాన్ జూరే. తగ్గింది పనితనం కాదు, గడువు. అది ఎక్కడ తెలుస్తుందంటే, రూమ్మేటు తిట్టే గుహలో. సముద్రపు ఒడ్డున ఒక గుహ, కొండ మీద ఒక గుహ, దొంగల గుహ, బానిసల వ్యాపారుల గుహ... అన్నీ ఒకటే గుహ. ఒకసారి ఈ దారి మూస్తారు, ఇంకోసారి ఆ దారి మూస్తారు, అంతే తేడా. దాచడం కూడా చేతకాలేదు. మూల ఉన్న చిన్న మ్యాపులో మూసేసిన గదులు కూడా కనబడుతూనే ఉంటాయి. తలుపుకి సున్నం కొట్టి గోడ అంటే ఎవరు నమ్ముతారు?

నాకు గుహ కంటే ఊరు మీద ఎక్కువ కోపం. కథంతా దాదాపు కిర్క్‌వాల్ అనే ఒక్క రేవు పట్నంలోనే. "మూడేళ్ల తర్వాత" అని రెండుసార్లు చెప్తారు. రెండుసార్లూ లోటౌన్ అనే పేదల పేటలో అవే పెట్టెలు, అవే మెట్లు, అదే మూల అదే మనిషి. మూడేళ్లంటే మాటలా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఒక్క రోజులో మా ఊరిని గుర్తుపట్టలేకుండా చేసింది. మర్నాడు కైలాసగిరి వైపు చూస్తే పచ్చదనమే లేదు. తుఫాను సంగతి పక్కన పెట్టినా, ఎన్ఏడీ జంక్షన్‌లో ఫ్లైఓవర్ వచ్చాక కొత్తలో నేనే ఎటు దిగాలో తెలీక తికమకపడ్డాను. ఒక ఊళ్లో ఏళ్ల తరబడి ఉండటం గురించి గేమ్ తీసి, ఆ ఊరికి ఏళ్లు పైబడనివ్వకపోతే ఎలా?

యుద్ధం మాత్రం వేగం పెరిగింది. మీట నొక్కిన వెంటనే హాక్, అదే మన హీరో, దూకి కొడతాడు. మా అల్లుడు పడిపోయింది దీనికే. అయితే శత్రువుల్ని చంపి ఊపిరి పీల్చుకునేలోగా ఇంకో గుంపు ఇళ్ల పైకప్పుల మీంచి రాలుతుంది. అదయ్యాక ఇంకోటి. మేజ్‌ని ఎంత జాగ్రత్తగా వెనక నిలబెట్టినా, కొత్త గుంపు సరిగ్గా వాడి నెత్తి మీదే దిగుతుంది. కెమెరా పైకి పోదు. తోటివాళ్లకి కవచాలు మార్చడానికి లేదు, దొరికిన మంచి కవచాలన్నీ అమ్ముకోవడమే.

ఇన్ని తిట్టాక కూడా ఈ రెండు నెలల్లో నన్ను రాత్రులు మేలుకోబెట్టింది రెండోదే. మొదటిదానిలో లోకాన్ని కాపాడాలి. రెండోదానిలో ఇల్లు గడవాలి. హాక్ కుటుంబం ఊరొదిలి పారిపోయి రేవు పట్నానికి చేరుతుంది. తీరా చూస్తే మేనమామ ఉన్న మేడని జూదంలో పోగొట్టి, లోటౌన్‌లో ఇరుకు గదిలో ఉంటాడు. అమ్మ రోజూ ఆ మేడ గురించే మాట్లాడుతుంది. ఊళ్లో అడుగుపెట్టనిచ్చినందుకు మొదటి ఏడాదంతా వెట్టి చెయ్యాలి. తర్వాత యాభై సావరిన్లు, అంటే బంగారు నాణేలు, కూడబెడితే డీప్ రోడ్స్ యాత్రలో వాటా దొరుకుతుంది, దాంతో బాగుపడొచ్చని ఆశ. ఇది ఫాంటసీలా లేదు, పల్లె నుంచి పని కోసం గాజువాక వచ్చిన మా నాన్న తరం కథలా ఉంది. "ఇందులో మేనమామ అచ్చం నీలాగే ఉన్నాడు మామయ్యా" అన్నాడు మా అల్లుడు. నేను పేకాట మానేసి చాలా కాలమైంది.

తోటివాళ్లు కూడా మొదటిదానికంటే నాకు ఇందులోనే దగ్గరయ్యారు. ఆరిజిన్స్‌లో ఎవడికైనా కోపమొస్తే నాలుగు బహుమతులు చేతిలో పెడితే చల్లబడతాడు, సంబంధానికి స్వీటు డబ్బాతో వెళ్లినట్టు. ఇందులో స్నేహంతో పాటు వైరం అనే లెక్క కూడా ఉంది. మొదట్నుంచీ తగువుపడుతూనే ఒక మనిషి గౌరవం సంపాదించొచ్చు. మనకి అలాంటి బంధువులు ఉండరా?

అసలు కథంతా చెప్పేది వారిక్ అనే మరుగుజ్జు, విచారణ చేసే కాసాండ్రాకి. వాడు మొదలెట్టడమే కోతలతో మొదలెడతాడు. మొదటి యుద్ధంలో హాక్ దేవుడిలా అందర్నీ చీల్చేస్తుంటే ఆమె ఆపి, నిజం చెప్పమంటుంది. అప్పుడు అసలు కథ. తర్వాత ఒకచోట వారిక్ ఒక్కడే మేడలో దూరి డజన్లకొద్దీ మనుషుల్ని పడగొడతాడు. అదీ కోతే అని తెలుస్తుంది. నేను షిఫ్టు అయిపోయాక టీ కొట్టు దగ్గర ఆగి నవ్వుకున్నాను, మా సీనియర్ ఒకాయన గుర్తొచ్చి.

అవెలిన్ పెళ్లి ముచ్చట సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. కాపలాదళానికి పెద్ద, కత్తి పట్టిందంటే ఎదురులేదు, కానీ నచ్చిన మనిషితో రెండు మాటలు చెప్పలేదు. రాగిలో చెక్కిన బంతిపూల పలక కానుకగా పంపుతుంది. తర్వాత మేకలు, గోధుమ పన గురించి ఆలోచిస్తుంది. మధ్యవర్తిగా నానా చాకిరీ మనం చెయ్యాలి. ఇంత సరదా ఆరిజిన్స్ మొత్తంలో నాకు దొరకలేదు.

అల్లుడు ఇంకో పొట్లం తేవడానికి వెళ్లినప్పుడు నేనూ రూమ్మేటూ అసలు విషయానికొచ్చాం. రెండో అంకంలో ఊళ్లో కొందరు ఆడవాళ్లకి తెల్ల లిల్లీపూలు వస్తుంటాయి, తర్వాత వాళ్లు కనబడరు. ఒకరోజు ఇంటికెళ్తే ఆ పూలు మనింట్లో ఉంటాయి. అమ్మ ఉండదు. ఎంత వేగంగా పరిగెత్తినా, ఏ అనుమానితుణ్ణి ముందే పట్టుకున్నా, ఆమె మన చేతుల్లోనే చనిపోతుంది. 2011లో మా రూమ్మేటు మూడుసార్లు పాత సేవ్ లోడ్ చేశాడు. మూడుసార్లూ అంతే.

"మొదటిదానిలో పిల్లాణ్ణి బతికించడానికి దారుంది. ఇందులో ఎందుకు లేదు? రాయడానికి టైము లేక" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. అక్కడ దారి పెట్టకపోవడమే సరైన రచన అన్నాను. అయితే వాడు వెంటనే ఆర్సినో పేరెత్తాడు. చివర్లో మేజ్‌ల పక్షమా, వాళ్లకి కాపలా కాసే టెంప్లార్ల పక్షమా తేల్చుకోమంటారు. మేజ్‌ల పక్షమే నిలబడినా వాళ్ల నాయకుడు ఆర్సినో ఏ కారణమూ లేకుండా శవాల ముద్దలా మారి మన మీదే పడతాడు. అవతలి నాయకురాలు మెరెడిత్‌తోనూ ఎలాగూ పోరాడాలి. తేల్చుకోమనడం దేనికి మరి? దీనికి నా దగ్గర జవాబు లేదు. అమ్మ దగ్గర గేమ్ మన మాట వినలేదంటే ఏడుపొచ్చింది. ఆర్సినో దగ్గర వినలేదంటే ఒళ్లు మండింది.

గేమ్‌గా చూస్తే ఆరిజిన్సే పై మెట్టు. రూమ్మేటు ఈ వాక్యం ఫొటో తీసి పెట్టుకుంటాడని తెలుసు, పెట్టుకోనీ. కొత్తగా మొదలెట్టేవాళ్లు కూడా దాంతోనే మొదలెట్టండి. రెండూ స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల కొట్లో దొరుకుతాయి, సేల్ వచ్చేదాకా ఆగితే మేలు. పీసీలో రెండింటికీ కీబోర్డు, మౌసే గతి. రెండోది కొన్నవాళ్లు చిల్లర క్వెస్టులు, అంటే గేమ్ అప్పజెప్పే పనులు, అన్నీ పూర్తిచెయ్యాలని పట్టుదలకి పోకండి, గుహ మీద విరక్తి పుడుతుంది. తోటివాళ్ల క్వెస్టులు మాత్రం ఒక్కటీ వదలొద్దు.

రెండోదే గొప్పదని వాదించిన మా అల్లుడు నిజానికి మొదటి అంకం దాటలేదు. హాక్ చెల్లెలు, మేజ్ అయిన బెథనీ అంటే ఇష్టమని డీప్ రోడ్స్‌కి వెంట తీసుకెళ్లాడు. అక్కడ జబ్బు అంటుకుని చచ్చిపోయింది. మళ్లీ మొదట్నుంచీ మొదలెట్టాడు. మొన్న నైట్ షిఫ్ట్ దిగి బండి తీస్తుంటే ఫోన్.

"మామయ్యా, ఈసారి దాన్ని ఇంట్లోనే ఉంచేశాను. తిరిగొచ్చేసరికి టెంప్లార్లు వచ్చి సర్కిల్‌కి తీసుకుపోతన్నారు. ఏటి మామయ్యా ఇది?"

"అంతేరా. ఆ గేమ్ అలాగే ఉంటాది."

"సర్లే, డబ్బులైతే బాగానే వచ్చాయి. ఇంక ఇంట్లో అమ్మ ఒక్కతే కదా. హైటౌన్‌లో ఆ పాత మేడ తిరిగి సంపాదించి అమ్మని అందులో పెడతాను."

"పెట్టు" అన్నాను.