పలాస జీడి మిల్లులో ఎక్లిప్స్ సిరియస్: ఆరేళ్ల వాడకం తర్వాత

శ్రీకాకుళం జిల్లా పలాసలోని ఒక జీడి మిల్లు కోసం, పని వరుసను బొమ్మల్లో గీసుకునే భాషను ఎక్లిప్స్ సిరియస్‌తో, అంటే ఇలాంటి బొమ్మల భాషలకు ఎడిటర్లు తయారుచేసుకునే సాఫ్ట్‌వేర్‌తో, తయారుచేశాను. 2013లో ఓపెన్ సోర్స్‌గా వెలువడిన ఈ సాధనంలో ముందుగా ఈఎంఎఫ్‌లో (ఎక్లిప్స్ మోడలింగ్ ఫ్రేమ్‌వర్క్) మెటామోడల్‌ను, అంటే భాషలో ఏయే రకాల అంశాలు (క్లాసులు) ఉంటాయో చెప్పే నమూనాను రాసుకుని, ఏ అంశానికి ఏ ఆకారమో దానిపై నిర్దేశించుకోవాలి. ఆ నిర్దేశాన్ని మార్చి సేవ్ చేస్తే, కోడ్ మళ్లీ తయారుచేయకుండానే తెరిచి ఉన్న బొమ్మ మారిపోతుంది. మేస్త్రి పక్కన కూర్చుని "బోర్మా (పప్పు ఆరబెట్టే పొయ్యి) గదిలా కనబడాలి బాబూ" అంటుండగానే గుర్తు మార్చగలగడం నాకు అన్నిటికంటే నచ్చింది.

మిల్లు మారినప్పుడు అసలు పరీక్ష ఎదురైంది. మొదట్లో పిక్కలను డ్రమ్ములో కాల్చేవారు కనుక భాషలో 'కాల్చడం' అనే క్లాస్ ఉండేది. ఆవిరి బాయిలరు వచ్చాక దాని పేరును 'వేడిచేయడం' అని మార్చాను. మర్నాడు పాత బొమ్మలు తెరుచుకోలేదు, ఎందుకంటే ఆ ఫైళ్లలో పాత క్లాస్ పేరే రాసి ఉంది. అప్పటి నుంచి ఎడాప్ట్ అనే మరో ఎక్లిప్స్ సాధనాన్ని వాడుతున్నాను. మెటామోడల్‌లో చేసిన మార్పులను అది చరిత్రగా నమోదుచేసి, పాత ఫైళ్లను కొత్త రూపానికి తెస్తుంది. అయినా డ్రమ్మా, ఆవిరా అన్న కొత్త వివరాన్ని పాత బొమ్మల్లో నింపడానికి జావాలో కొంత మైగ్రేషన్ కోడ్ (పాత ఫైళ్లను మార్చే కోడ్) రాయక తప్పలేదు.

రంగును బట్టి పప్పు ఏరే కెమెరా యంత్రం వచ్చినప్పుడు అంత శ్రమ పడలేదు. ఏరిన పప్పు వేర్వేరు దారుల్లో వెళ్తుంది కనుక, పెట్టె నుంచి ఒకే బాణం వెళ్లాలన్న నియమాన్ని సడలిస్తే సరిపోయింది, పాత ఫైళ్లన్నీ యథాతథంగా తెరుచుకున్నాయి. నియమాన్ని బిగించినా, పేరు మార్చినా, తొలగించినా మాత్రం జాగ్రత్త అవసరం. డబ్ల్యు 240, డబ్ల్యు 320 వంటి గ్రేడులను, అంటే పౌనుకు ఎన్ని గుళ్లు తూగుతాయన్న లెక్కను, క్లాసులుగా పెట్టడం నా పొరపాటు. వాటిని మోడల్‌లో విలువలుగా ఉంచి ఉంటే, కొనేవారు కొత్త గ్రేడు అడిగిన ప్రతిసారీ భాషనే ముట్టుకోవలసి వచ్చేది కాదు.

సిరియస్‌లో నన్ను ఇప్పటికీ బాధించే విషయం ఒకటుంది. ఒక మ్యాపింగ్‌ను (ఏ అంశానికి ఏ ఆకారమో చెప్పే నిర్దేశాన్ని) తొలగించి అదే పనికి కొత్తది పెడితే, దాని కింద గీసిన పెట్టెలు వాటి స్థానాలను కోల్పోతాయి. మేస్త్రి మిల్లు నేల కొలతలను తలచుకుంటూ గంటసేపు సర్దించిన బొమ్మ ఒక్క రిఫ్రెష్‌తో చెదిరిపోయింది. అందువల్ల ఇప్పుడు పాత మ్యాపింగ్‌నే సవరిస్తున్నాను.