మూడు రోజుల్లో మొటిమలు పోతాయని ఇచ్చే డబ్బా క్రీమ్ కొనకండి

విజయనగరం, చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళకి, ముఖ్యంగా ముప్పై దాటినా గడ్డం మీద మొటిమలు తగ్గక విసిగిపోయినవాళ్ళకి ఇది రాస్తున్నాను. కొన్ని పార్లర్లలో, ఫ్యాన్సీ షాపుల్లో నైట్ క్రీమ్ అని పేరూ ఊరూ లేని చిన్న డబ్బా ఒకటి అమ్ముతున్నారు. నేను కొన్నాను, దాదాపు నాలుగు నెలలు రాశాను. దాని ఫలితం ఇప్పటికీ నా మొహం మీద ఉంది.

నాకు 33 ఏళ్ళు. కాలేజీ రోజుల్లో ఒకటీ అరా తప్ప మొటిమలు లేవు. రెండో పాప పుట్టిన ఏడాదికి మొదలయ్యాయి. నుదుటి మీద కాదు, దవడ అంచు వెంబడి, గడ్డం కింద, మెడ మీదికి దిగుతూ వచ్చేవి. చీము పైకి కనపడదు. వేలు పెడితే లోపల బఠాణీ గింజలా తగులుతుంది, ఆ పక్కకి తిరిగి పడుకుంటే నొప్పి. నెలసరికి వారం ముందు లేస్తాయి, తర్వాత కొంచెం అణుగుతాయి, ఆ మచ్చ మానేలోగా మళ్ళీ తేదీ దగ్గరపడుతుంది. వేపాకు, శనగపిండి, పసుపు అన్నీ అయ్యాయి. వేపుళ్ళు మానేశాను. అయినా ఎక్కడికెళ్ళినా అదే పలకరింపు. "ఏటమ్మా, మొకం అలాగైపోనాదేటి? వేడి చేసిందేటి?" ప్రేమతోనే అడుగుతారు. కానీ పదిసార్లు విన్నాక బయటికి వెళ్ళాలంటేనే టెన్షన్ వస్తుంది. చున్నీ గడ్డం దాకా లాక్కుని నిలబడడం అలవాటైపోయింది.

శ్రావణంలో చెల్లి పెళ్ళి. దానికి నెల ముందు కనుబొమలు చేయించుకోవడానికి వెళ్తే, పార్లర్ ఆవిడ నా గడ్డం చూసి సొరుగులోంచి డబ్బా తీసింది. "మూడు రాత్రులు రాయండి మేడమ్, నాలుగో రోజు మీరే వచ్చి చెప్తారు" అంది. 450 రూపాయలు. తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, మూత మీద గులాబీ పువ్వు స్టిక్కర్, లోపల లేత పసుపు రంగు క్రీమ్. ఎవరు తయారుచేశారో లేదు, అందులో ఏముందో లేదు, తేదీ లేదు. బిస్కెట్ ప్యాకెట్ కొన్నా వెనక్కి తిప్పి తేదీ చూసే మనిషిని, మొహానికి రాసేదానికి చూడలేదు. ఆశ అలా చేయించింది.

నిజంగానే మూడో రోజుకి గడ్డలు అణిగిపోయాయి. వారానికి మొహం నున్నగా, తెల్లగా అయింది. పెళ్ళి ఫొటోల్లో నన్ను నేను చూసుకుని ఏడ్చినంత పని చేశాను. ఆ సంతోషంలో రెండో డబ్బా కొన్నాను, తర్వాత మూడోది. మధ్యలో రెండు రోజులు రాయకపోతే మొహం మండేది, ఎర్రబడేది, రాయగానే తగ్గేది. అది క్రీమ్ మంచితనం అనుకున్నాను.

మా విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను పండగ రోజు మధ్యాహ్నం, మూడు లాంతర్ల సెంటర్ దగ్గర జనంలో నిలబడ్డాను. అరగంట ఎండకే బుగ్గలు కాలినట్టయ్యాయి. ఆ రాత్రి అద్దం దగ్గరికెళ్ళి చూస్తే బుగ్గల మీద సన్నటి ఎర్ర దారాల్లా నరాలు కనిపించాయి, చెంపల పక్కన నూగు ముదిరింది. భయపడి క్రీమ్ మానేశాను. వారంలోపే మొహమంతా ఎర్రటి పొక్కులు, ఎన్నడూ లేని నుదుటి మీద కూడా. గంజి వారుస్తుంటే ఆవిరి తగిలినా మంటే. పాప బుగ్గకి బుగ్గ ఆనించబోతే వెనక్కి జరిగేదాన్ని.

చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికి వెళ్ళి డబ్బా చూపించాను. మూత తీసి చూశారు, పక్కన పెట్టేశారు. "స్టెరాయిడ్ వాడిన మొహం ఇలాగే ఉంటుందమ్మా, ప్రతి వారం ఇలాంటివాళ్ళు వస్తూనే ఉంటారు" అన్నారు. డబ్బాని ల్యాబ్‌లో పరీక్ష చేయించలేదు. కానీ త్వరగా తగ్గడం, మానితే తిరగబెట్టడం, చర్మం పలచబడడం, నరాలు తేలడం, వెంట్రుకలు, అన్నీ కలిపి చూసే చెప్పారు. క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు ఎరుపునీ వాపునీ అణిచేస్తాయి, అందుకే మూడు రోజుల్లో మాయం. మొటిమకి కారణమైనదాని జోలికే అవి పోవు. పైగా వాటివల్లే కొత్త మొటిమలు వస్తాయి.

నా మొటిమలకి అసలు కారణం హార్మోన్లు. మగ హార్మోన్లనే ఆండ్రోజన్లు ఆడవాళ్ళ ఒంట్లోనూ ఉంటాయి, అవి చర్మంలోని నూనె గ్రంథుల్ని రెచ్చగొడతాయి. నెలసరి 40 రోజులకి వస్తోందా, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతున్నాయా అని డాక్టర్ అడిగి, రక్తపరీక్షలు, స్కానింగ్ రాశారు. పీసీఓడీ, అంటే హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య, ఉందేమో చూడ్డానికి. నాకు అది లేదు, రిపోర్టులు మామూలుగానే ఉన్నాయి. రిపోర్టులు బాగున్నా గ్రంథులు హార్మోన్లకి ఎక్కువ స్పందించేవాళ్ళు చాలామంది ఉంటారట. ముందు పాడైన చర్మం కుదుటపడాలి, ఆ తర్వాతే మొటిమల వైద్యం అన్నారు. ఏ మందైనా పనిచేస్తుందో లేదో తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుందన్నారు. మూడు రోజులని నమ్మిన నాకు ఆ మాట మొదట కొరుకుడు పడలేదు.

మందుల షాపుల సంగతి కూడా చెప్పాలి. మంగుకి వాడే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటసోన్ కలిపిన ట్యూబుల్ని మొహం తెల్లబడ్డానికని కొందరు చీటీ లేకుండానే ఇచ్చేస్తున్నారు. మొమెటసోన్ కూడా స్టెరాయిడే. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూత మందుల్ని డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. ట్యూబు మీద ఎర్ర గీత ఉంటే అది మీ అంతట మీరు కొని రాసుకునేది కాదు. ఐసోట్రెటినాయిన్ మాత్రలైతే మరీ జాగ్రత్త. గర్భంలో వాడితే బిడ్డకి అవకరాలు వస్తాయి, మందు ఆపాక కూడా నెల రోజులు గర్భం రాకూడదు. పక్కింటి ఒదినకి తగ్గిందని అది మీరు మింగకండి.

తెల్లబరిచే క్రీముల్లో పాదరసం గొడవ వేరే ఉంది. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవాళ్ళకి కిడ్నీ జబ్బు వచ్చినట్టు డాక్టర్లు గుర్తించారు. అది చదివాక నేను యూరిన్ పరీక్ష కూడా చేయించుకున్నాను. బాగానే ఉంది.

పార్లర్ పేరు రాయడం లేదు, ఈ డబ్బా ఆ ఒక్కచోటే దొరికేది కాదు. నేను వెళ్ళి అడిగితే "మాకేం తెలుసు మేడమ్, వైజాగ్ నుంచి వస్తాయి" అంది. మీరు ఏ క్రీమ్ కొన్నా కంపెనీ పేరు, చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, అందులో ఏమున్నాయో చూడండి. ఇవి లేకపోతే డబ్బులివ్వకండి. ఇప్పటికే రాస్తున్నవాళ్ళు మీ అంతట మీరు ఉన్నపళాన మానేసి నాలా అవస్థ పడకండి, డబ్బా పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, ఎలా ఆపాలో వాళ్ళు చెప్తారు. డబ్బా పారేయొద్దు, బిల్లుంటే దాచండి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి రాతపూర్వకంగా ఇవ్వచ్చు, 1915కి ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదూ పెట్టచ్చు. నేను మూడో డబ్బా కవర్లో చుట్టి, పెళ్ళిలో తీసిన ఫొటో, సిరిమాను తర్వాత తీసిన ఫొటో రెండూ జతచేసి, సోమవారం ఇవ్వడానికి అర్జీ రాసి పెట్టుకున్నాను.