మూలికల నడకకు తలకోన అడవా, చెరువు కట్టా: ఏది మేలు?

కార్తీకం దగ్గర పడితే చాలు, తెలిసినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. వనభోజనాలకు ఎటూ వెళ్తున్నాం, పనిలో పనిగా మూలికలు కూడా చూసొద్దామనుకుంటున్నాం, తలకోన వెళ్లమంటారా, లేకపోతే తిరుపతిలోనే ఎవరైనా బోటనీ సార్‌ని పట్టుకుని చెరువు గట్లు తిరగమంటారా అని. రెండు చోట్లా తిరిగాను కాబట్టి నాకు తోచింది చెప్తాను.

తలకోన తిరుపతికి దాదాపు 60 కిలోమీటర్లు. శేషాచలం కొండల్లో, శ్రీవెంకటేశ్వర జాతీయ పార్కులో భాగం. అక్కడ కనిపించేవి ఊళ్లో వెతికినా దొరకవు. ఎర్రచందనం, తెల్ల కరక, కొండ సాంబ్రాణి, పేరీత ఈ చుట్టుపక్కల కొండల్ని వదిలి పెద్దగా ఎక్కడికీ పోని జాతులు. ఇక గిల్లతీగ. దాన్ని తీగ అనడానికే నోరు రాదు, అంత లావు. చెట్టు మీంచి చెట్టు మీదికి పాకుతూ, మీటరు పొడుగు కాయలు వేలాడేసుకుని ఉంటుంది. వెంట ఇక్కడి గిరిజనులైన యానాదుల్లో పెద్దాయన ఎవరైనా వస్తే ఆ నడక తీరే వేరు. మనకు అంతా ఒకే పచ్చగా కనిపించే చోట ఆయన ఆగి, ఎండిన తీగను చూపించి, దీని కింద గడ్డ ఎంత ఉంటుందో, ఎప్పుడు తవ్వాలో, ఎంత వదిలేయాలో చెప్తాడు. మారెడు కొమ్ములు, అంటే మారెడు తీగ లావు వేళ్లు, అలా తవ్వి తవ్వే అడవిలో తగ్గిపోయాయి. ఎండాకాలం మనం తాగే నన్నారి షర్బత్‌లో ఆ కొమ్ములూ ఉంటాయి, సన్న వేళ్ల సుగంధిపాలా ఉంటుంది. రెండింటికీ ఆ వాసననిచ్చే రసాయనం ఒకటే కాబట్టి గ్లాసులో తేడా తెలియదు.

ఇంత ఉన్నా, నేర్చుకోవడానికి మొదటి అడుగు తలకోన అంటే నేను ఒప్పుకోను.

కారణం ఒక్కటే. మొక్కను ఒకసారి చూస్తే గుర్తుపట్టడం రాదు. పూత మీద చూడాలి, కాయ మీద చూడాలి, ఎండిపోయి పుల్లగా మిగిలినప్పుడూ చూడాలి. నేల ఉసిరినే తీసుకోండి. కామెర్లకని ఊరూరా పీకి వాడే మొక్క. దాని పక్కనే ఎర్ర నేల ఉసిరి మొలుస్తుంది, అచ్చం అలాగే ఉంటుంది. లేత మొక్కలప్పుడు ఏది ఏదో తేల్చడం కష్టం. కాయలు పట్టాక రెమ్మను తిరగేసి చూడండి. మనం వాడే నేల ఉసిరి కాయ నున్నగా, చిన్న కాడకు వేలాడుతుంది. రెండోదాని కాయకు కాడ ఉందా లేదా అన్నట్టు రెమ్మకే అతుక్కుని, పైన గరుకు గరుకుగా ఉంటుంది. ఆవగింజ కంటే కాస్త పెద్ద కాయ, దాంట్లో ఈ తేడా! పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఉంటే పని సులువు. ఇది ఒకరు చెప్తే వినేసి వచ్చేది కాదు. వానలకు మొలిచింది మొదలు మళ్లీ మళ్లీ వెళ్లి ఆ గట్టు మీదే వంగి చూస్తే వస్తుంది. సుగంధిపాలదీ అదే కథ. ఒక తీగకు వెడల్పాటి ఆకులు, పక్కదానికి వేలి కంటే సన్న ఆకులు, రెండూ సుగంధిపాలే. మధ్య ఈనె వెంట తెల్ల చార ఒకదానికి కొట్టొచ్చినట్టుంటే ఇంకోదానికి కనీకనిపించకుండా ఉంటుంది. ఒక్క ఆకు చూసి వచ్చినవాళ్లు రెండో తీగ దగ్గర ఆగిపోతారు.

తలకోనకు నెలకోసారి ఎవరు వెళ్తారు? వెళ్లినా జాతీయ పార్కులో ఆకు తుంచకూడదు, వేరు లాగకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అది. ఎర్రచందనం దొంగల పుణ్యమా అని ఆ కొండల్లో చెకింగులూ ఎక్కువే. చూసి, ఫోటో తీసుకుని రావాలి. తిరుపతి పక్కనే ఉన్న అవిలాల, పేరూరు చెరువుల వైపు ఖాళీ జాగాల్లో ఆ గొడవ లేదు. గుంటగలగర కాడ విరిచి వేళ్ల మధ్య నలిపితే కాసేపటికి రసం నల్లబడుతుంది. అది చేత్తో చేసి చూస్తేనే గుర్తుంటుంది.

పైగా చెరువు గట్టు నడకలో చెప్పే మనిషి కాలేజీలో పాఠం చెప్పినాయన అయితే ‘ఇది కాదు’ అనే మాట ఎక్కువ వినిపిస్తుంది. నాకది చాలా ముఖ్యం. నల్ల ఈశ్వరి సంగతే చూడండి. పాము కాటుకని, కడుపు నొప్పికని దాని వేరు వాడకం పల్లెల్లో ఇంకా ఉంది. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలను దెబ్బతీస్తుంది, క్యాన్సర్‌కూ దారి తీస్తుంది. ఆ తీగను చూడాలి, దాని మీద పెరిగే సీతాకోకచిలుక పురుగుల్ని చూడాలి, అక్కడితో ఆపాలి. వినాయక చవితి పత్రిలో ఉమ్మెత్త, గన్నేరు చేత్తో పట్టుకున్నవాళ్లమే మనమంతా, అవి రెండూ విషమని ఎంతమంది పిల్లలకు చెప్పాం?

పొడపత్రి ఆకు నమిలించి, పైన పంచదార నోట్లో వేసి ఇసుకలా ఉందనిపించడం గైడ్లందరికీ ఇష్టమైన తమాషా. నాకూ సరదాయే. కానీ మర్నాడు అదే ఆకు కంచె మీద చూపిస్తే పోల్చుకునేవాళ్లు తక్కువ.

మిగతావి రెండు ముక్కల్లో. బోర్డులు పెట్టిన ఔషధ వనాలు పిల్లలకు పేర్లు చెప్పడానికి బాగుంటాయి. కత్తిరించి పెంచిన మొక్క బయట కంచెలో ఎలా ఉంటుందో అక్కడ తెలియదు. ఫోన్ యాప్ చెట్లకు ఫర్వాలేదు, నేల ఉసిరి లాంటి చిన్న మొక్కలకు నమ్మకండి. అలిపిరి మెట్ల దారిలో చూడొచ్చు కదా అంటారు. అక్కడ మనసు మొక్కల మీద నిలవదు, 2023లో చిరుత దాడి తర్వాత పిల్లల విషయంలో టైం ఆంక్షలు కూడా పెట్టారు.

ఒక ఏడాది గట్ల వెంట తిరిగాక తలకోన వెళ్లండి, అప్పుడు ఆ యానాది పెద్దాయనను అడగడానికి మీ దగ్గర ప్రశ్నలుంటాయి. మన దగ్గర అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లో కాబట్టి డిసెంబరు దాకా చెరువుల దగ్గర చూడ్డానికి కావలసినంత ఉంటుంది. పొద్దున ఏడింటికల్లా వెళ్తే ఎండ టెన్షన్ ఉండదు. పాత ప్యాంటే వేసుకోండి, ఉత్తరేణి గింజలు మోకాళ్ల దాకా అంటుకుంటాయి.