‘డా’ అక్షరంతో ఒక పేరు కావాలి: ద్వారకానగర్‌లోని ఒక నామకరణ సేవపై నా అభిప్రాయం

మా అబ్బాయి పుష్యమి నాలుగో పాదంలో పుట్టాడు. ఆ పాదానికి చెప్పిన అక్షరం ‘డా’ అని తెలిసిన నాటి నుంచి ఇంట్లో పెద్దలందరూ దిగాలుగా ఉన్నారు. మా వంశంలో గాని, మా అత్తవారి వైపు గాని ఆ అక్షరంతో ఒక్క పేరూ లేదు. బారసాల తొమ్మిది రోజుల్లోకి రావడంతో విశాఖ ద్వారకానగర్‌లో ఒక మేడమీద ఉన్న నామకరణ సేవా కేంద్రానికి వెళ్లి పదిహేను వందల రూపాయలు కట్టాను. జన్మ నక్షత్రం, సంఖ్యాశాస్త్రం, తల్లిదండ్రుల అభిరుచి, ఈ మూడింటినీ కలిపి ఇరవై పేర్లు ఇస్తామన్నది వారి హామీ.

అభిరుచి గడిలో నేను ‘బ్లూగ్రాస్ సంగీత విద్వాంసులు’ అని రాశాను. బ్లూగ్రాస్ అంటే బ్యాంజో, మాండలిన్, గిటారు లాంటి తీగవాద్యాలతో సాగే ఒక అమెరికన్ సంగీతరీతి. సగం సరదాకే రాశానని ఒప్పుకుంటాను. మిగతా సగం మాత్రం నిజం: 1945 చివర్లో ఎర్ల్ స్క్రగ్స్ బిల్ మన్రో బృందంలో చేరి మూడు వేళ్లతో బ్యాంజో మీటడం మొదలుపెట్టాక ఆ సంగీతానికి వచ్చిన పరుగును వినకుండా నాకు రోజు గడవదు. కెంటకీ రాష్ట్రానికి బ్లూగ్రాస్ అన్నది ముద్దుపేరనీ, అక్కడ పుట్టిన మన్రో దాన్ని తన బృందానికి పెట్టుకున్నాడనీ, చివరికి ఆ బృందం పేరే సంగీతరీతికి పేరయిందనీ కౌంటరులో ఉన్నాయనకు వివరించాను. ఆయన శ్రద్ధగా తలూపి, కాగితం మీద ‘గడ్డి’ అని రాసుకున్నారు.

నాలుగో రోజున చేతికి వచ్చిన పుస్తకం చూడముచ్చటగానే ఉంది. జాతక చక్రాన్ని మా పంతులుగారు సరిచూసి తప్పు లేదన్నారు. చిక్కంతా పేర్ల దగ్గరే. మొదటి పేరు ‘దూర్వాంక్’, అంటే గరిక గుర్తు గలవాడట. రెండోది ‘నీలతృణ్’. ఏడోది ‘డామోదర్’. ఇది దామోదర్ కదా అని ఫోను చేసి అడిగితే, ‘ఇంగ్లీషులో రెండిటికీ ఒకటే అక్షరం కదా సార్’ అన్నారు. యశోదమ్మ రోటికి కట్టేసిననాడు కూడా ఆ స్వామి ఇంత ఇబ్బంది పడి ఉండడు.

విద్వాంసులను వారు పూర్తిగా విస్మరించారని కూడా అనలేను. చివరి పేజీలో స్క్రగ్స్, ఫ్లాట్, మన్రో అని ఉన్నవి ఉన్నట్టుగా, ఎదురుగా అదృష్ట సంఖ్యలతో అచ్చు వేశారు. మా అత్తగారు ‘స్క్రగ్స్’ అని రెండుసార్లు పలకబోయి మూడోసారి నిజంగానే తుమ్మారు. తుమ్ము అపశకునం కనుక ఆ పేరు అక్కడే ఆగిపోయింది. అదే బృందంలో గిటారు వాయించిన లెస్టర్ ఫ్లాట్ పేరు వినగానే మామగారు అది మధురవాడలోనా, ఎన్ని చదరపు అడుగులు అని అడిగారు. మన్రో మాత్రం నవ్వి తోసిపుచ్చదగిన పేరు కాదు. దత్త మండలాలకు 1800 నుంచి 1807 వరకు కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో మీది అభిమానంతో రాయలసీమ వాళ్లు తమ పిల్లలకు మన్రోలప్ప, మన్రోలమ్మ అని పేర్లు పెట్టుకున్నారు. ఆ దొర వేరు, మాండలిన్ వాయించిన మన బిల్ మన్రో వేరు. అయినా ఆ పేరు తెలుగు నోటికి ఏనాడో అలవాటైన సంగతి ఈ వృత్తిలో ఉన్నవారికి తెలిసి ఉండవలసింది. మాండలిన్ మాట వచ్చాకనైనా పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ వారికి గుర్తు రాకపోవడం ఇంకా విడ్డూరం.

నాకు నిజంగా కోపం తెప్పించిన సంగతి మరొకటి. ‘డా’ కావాలి, బ్లూగ్రాస్ కావాలి అని రాసిచ్చిన కాగితానికి సమాధానం ఎదురుగానే ఉంది: డాక్ వాట్సన్. (ఆయనది శుద్ధ బ్లూగ్రాస్ కాదు, జానపదం అనేవారితో నేను వాదించను.) పసితనంలోనే చూపు పోయిన ఆ ఉత్తర కరోలినా గిటారు విద్వాంసుడి అసలు పేరు ఆర్థెల్. ఒక రేడియో కార్యక్రమంలో ఆ పేరు బాగా లేదు, తేలికైనది కావాలని వ్యాఖ్యాత అంటే, జనంలోంచి ఎవరో ‘డాక్ అనండి’ అని అరిచారట. పైసా పుచ్చుకోకుండా, ఒక్క క్షణంలో జరిగిన నామకరణం అది.

ఐదుకు రెండున్నర ఇస్తున్నాను, అదీ జాతకం లెక్క కోసమే. వెళ్లదలచినవారు తమకు కావలసిన అక్షరాన్ని తెలుగులో పెద్దదిగా రాసివ్వడం మంచిది. డబ్బు తిరిగి ఇవ్వరు. రెండో కాన్పుకు పది శాతం రాయితీ కూపను ఇస్తారు. మాకిచ్చిన కూపనును మా ఆవిడ పుస్తకంతో పాటు అటక మీదికి చేర్చింది.

ఇరవై ఒకటో రోజున పళ్లెంలోని బియ్యం మీద ఉంగరంతో, పిలుపు పేరుగా శ్రీనివాస్ అనీ, నక్షత్ర నామంగా డాక్ అనీ రాశాను. పంతులుగారు వంగి చూసి, ‘పిల్లవాణ్ణి డాక్టరు చెయ్యాలని సంకల్పమా బాబూ?’ అని అడిగారు. మామగారు వెంటనే అవునన్నారు. నేను కాదనలేదు.