కారు ఇంట్లో పెట్టి మెట్రోలో, బస్సులో హైదరాబాద్ మ్యూజియంలు చూసొచ్చాం

అమ్మ గుంటూరు నుంచి వచ్చింది, బాబుకి సెలవులు, ఇద్దర్నీ మ్యూజియంలకి తీసుకెళ్దాం అనుకున్నా కానీ ఈసారి కారు వద్దే వద్దని కేపీహెచ్‌బీలో మెట్రో ఎక్కేశాం. పోయినసారి కార్లో వెళ్తే మూసీ మీద నయాపూల్ వంతెన దగ్గర ముప్పావుగంట ఇరుక్కుపోయి, పార్కింగ్ దొరికేసరికి ఇంకో అరగంట, సాలార్‌జంగ్ మ్యూజియం మొత్తం పరుగులాగా చూసి వచ్చేశాం, ఆ బాధ నాకు చాన్నాళ్లు ఉండిపోయింది.

అసలు కిటుకు ఏంటంటే మేం చూసిన నాలుగు మ్యూజియంలూ మియాపూర్-ఎల్బీనగర్ రెడ్ లైన్‌కి దగ్గర్లోనే ఉన్నాయి. అసెంబ్లీ స్టేషన్లో దిగితే రెండు, అక్కడికి నాలుగో స్టేషన్ ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్), అక్కడ దిగితే ఇంకో రెండు. మధ్యలో ట్రైన్ మారాల్సిన పనే లేదు. అన్నీ ఒక్కరోజులో చుట్టేద్దాం అని మాత్రం పెట్టుకోకండి, పెద్దవాళ్లుంటే అస్సలు వద్దు, రోజుకి రెండు చాలు.

మొదటి రోజు అసెంబ్లీ. దిగి పబ్లిక్ గార్డెన్స్‌లోకి నడుచుకుంటూ వెళ్తే స్టేట్ మ్యూజియం. ఇంత పెద్ద ఊళ్లో ఇంత మంచి మ్యూజియానికి జనం ఇంత తక్కువగా రావడం నాకు నిజంగా బాధేసింది. బాబు కోసం ముందు మమ్మీ, అంటే పాడవకుండా భద్రపరిచిన పాతకాలం శవం, దాని దగ్గరికి వెళ్లాం. ఈజిప్టు నుంచి ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చి ఏడో నిజాంకి ఇస్తే ఆయన 1930లో మ్యూజియానికి ఇచ్చేశారు. చిన్న మనిషి, గాలి చొరబడని గాజు పెట్టెలో పడుకుని ఉంది. సుమారు 2,500 ఏళ్ల నాటిదని చెప్తే మావాడు చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "వాళ్లమ్మ ఏడ్చి ఉంటుంది కదా" అన్నాడు, నాకు ఏం చెప్పాలో తెలియలేదు. అజంతా బొమ్మలకి వేసిన నకళ్లు కూడా ఇక్కడే ఉన్నాయి, తొందరపడకుండా చూడండి.

అక్కణ్ణుంచి నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియం. ఎక్కుడు ఉంది, అమ్మకి మోకాళ్ల నొప్పి కాబట్టి ఆటో మాట్లాడుకున్నాం. పిల్లలుంటే ఇక్కడి డైనోసార్ అస్థిపంజరం వదలొద్దు, ఎక్కడో అమెరికాది కాదు, మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర తవ్వితే దొరికింది, అందుకే దాని శాస్త్రీయ నామంలో ఆ ఊరి పేరు కూడా ఉంది.

రెండో రోజు ఎంజీబీఎస్. స్టేషన్ మూసీ దగ్గరే, అక్కణ్ణుంచి దారుల్‌షిఫా వైపు నడిస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో సాలార్‌జంగ్. ఎండలో అమ్మని నడిపించలేక ఆటో అడిగితే ఒకతను నూటయాభై అన్నాడు, ఇంత దూరానికి అంత ఇవ్వబుద్ధి కాలేదు, కాసేపాగితే షేర్ ఆటో దొరికింది. కాబట్టి స్టేషన్ గుమ్మం ముందే బేరం కుదుర్చుకోకుండా కాస్త ముందుకొచ్చి అడగండి.

పది గంటలకి తెరవగానే లోపలికి వెళ్లిపోండి. బ్యాగులు కౌంటర్లో పెట్టేయాలి, అందుకే తక్కువ సామానుతో వెళ్తే మంచిది. పన్నెండు లోపు మ్యూజికల్ గడియారం ముందుకొచ్చి కూర్చోవాలి, గంటకి కాస్త ముందు లోపల్నుంచి గడ్డం ఉన్న చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది, పన్నెండింటికైతే పన్నెండు సార్లు. అంతసేపూ ఎదురు చూసినవాళ్లంతా ఒక్కసారి ఫోన్లు పైకెత్తేస్తారు. బాబుని ఎత్తుకుని ఫోన్ లేకుండా చూపించాను, వాడు వేళ్లమీద లెక్కపెట్టుకున్నాడు.

నా మటుకు నాకు సాలార్‌జంగ్ అంటే రెబెక్కా శిల్పమే. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కాడు, నిజాం దగ్గర దివాన్‌గా చేసిన మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. ముఖం మీద ముసుగు, ముసుగు వెనక కళ్లూ ముక్కూ పెదాలూ అన్నీ కనిపిస్తుంటాయి, కానీ అదంతా పాలరాయే. అమ్మ చాలాసేపు అక్కడే నిలబడిపోయి, "ఇది గుడ్డే కదే" అంది, కాదమ్మా రాయి అంటే నమ్మలేదు, వంగి కింద మడతల దాకా చూసి తన పమిట చెంగు వేళ్లతో పట్టుకుని రెండూ పోల్చుకుంది. ఇక్కడ ఉన్నవాటిలో చాలావరకు మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పోగేసినవే, పెళ్లి చేసుకోలేదు, జీవితమంతా వీటికే పెట్టారు. ఆయన 1949లో పోయారు, 1951లో మ్యూజియం తెరిచారు. ఇన్ని గ్యాలరీలు ఒక్కపూటలో అవ్వవు, మీకు నచ్చేవి ముందే అనుకుని వెళ్లండి.

మధ్యాహ్నం తిన్నాక పురానీ హవేలీలో నిజాం మ్యూజియం, దూరం కాదు. ఆరో నిజాం బట్టల బీరువా ఉంది, 176 అడుగుల పొడవు, రెండంతస్తులు, పైకి వెళ్లడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్ట్. ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తుంటే అమ్మ "ఇన్ని తలుపులు రోజూ ఎవరు తుడిచేవాళ్లో" అంది.

ఒక్క ఫిర్యాదు. ఈ నాలుగింట్లో ఒకచోట, పేరు వద్దులెండి, బాత్రూంలో నీళ్లు రాలేదు, పైగా మూసే టైముకి అరగంట ముందే లైట్లు ఆపుతూ వెనకే వచ్చారు. టికెట్ కొని దూరం నుంచి వచ్చినవాళ్లని అలా తోలెయ్యడం తప్పు.

తిరుగు ప్రయాణం నయాపూల్ దగ్గర కోఠి బస్సెక్కాం. తెలంగాణ ఆడవాళ్లకి బస్సు ఉచితం కాబట్టి నాకు జీరో టికెట్ ఇచ్చారు, అమ్మ ఆధార్ చూసి కండక్టరమ్మ "పెద్దమ్మా, మీది ఆంధ్రది, టికెట్ తీసుకోవాలె" అని నవ్వింది, అమ్మ కూడా నవ్వుతూ డబ్బులిచ్చింది. వంతెన మీద బస్సు ఆగినప్పుడు మూసీకి ఒక ఒడ్డున హైకోర్టు, ఇంకో ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, కిటికీలోంచి రెండూ చూపించాను. కోఠిలో దిగి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో మళ్లీ అదే రెడ్ లైన్, సీటు దొరికింది, బాబు నిద్రపోయాడు.

వెళ్లేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి, శుక్రవారం వెళ్లొద్దు, సాలార్‌జంగ్, నిజాం మ్యూజియం, స్టేట్ మ్యూజియం మూడూ ఆ రోజు సెలవే. మెట్రోని పాతబస్తీలోకి పొడిగించే ప్లాన్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం పేరుతోనే ఒక స్టేషన్ ఉంది, అది వచ్చేదాకా ఎంజీబీఎస్‌లోనే దిగాలి.